పెద్దనాయిన పెంచిన పులి

ఇది మహారణ్యాల కథ. గోదావరి అవతల, పగటిపూట కూడా ఎండ నేలకు దిగని చోట, ఒక సువార్తికుడూ అతని భార్యా వాళ్ల ఒక్కగానొక్క కూతురూ నాలుగేళ్లు క్రూరమృగాల నడుమ దేవుని మాట చాటిన వీరగాథ. చదువుతుంటే మీ ఒళ్లు జలదరించాలి. కొన్నిచోట్ల కొంగుతో కళ్లు ఒత్తుకోవాలి.

అట్లా మొదలుపెడితే బాగుంటుందని రెండు కాగితాలు పాడు చేశాను. ఇగ నిజం చెప్తాను. ఆ ఒక్కగానొక్క కూతురిని నేనే. మా ఇంట్లో ఉన్న క్రూరమృగాలు ముఖ్యంగా చెదపురుగులు. పైగా ఇది అడవి కథ కూడా కాదు. అడవి నుంచి సెలవు మీద నారాయణఖేడుకు వచ్చి, నాలుగు నెలలు జొన్నరొట్టె తిని, తిరిగి పోయిన కథ. పోతామో లేదో అన్నది మాత్రం చివరిదాకా తేలలేదు. ఇందులో ఏమన్నా ఉత్కంఠ ఉంటే అది అంతే.

మిషనులో సెలవు అనే మాట దొరలది. బంగళాలో ఉండే దొర కొన్నేళ్లకొకసారి పెట్టెలు సర్దుకుని ఓడెక్కి సీమకు పోయేవాడు. అక్కడి గుళ్లలో మా గురించి చెప్పి, మా ఫోటోలు చూపించి వచ్చేవాడు. ఫోటో తీసేటప్పుడు మమ్మల్ని ఎండకు ఎదురుగా నిలబెట్టేవాడు కాబట్టి అందరం కళ్లు చికిలించుకుని ఉండేవాళ్లం. సీమలో వాళ్లకు మేమంతా ఏదో తీరని బాధలో ఉన్నట్టు కనిపించి ఉంటాం.

నాయినను అడవికి పంపింది దొర కాదు. ఖేడు చుట్టుపక్కల ఊళ్లలోని మా సంఘాలే. ఎప్పుడూ ఎవరో మన దగ్గరికి రావడమేనా, మనం ఎవరి దగ్గరికీ పోవద్దా అని పెద్దలకు ఒక పంట పండుగనాడు అనిపించిందంట. నాయిన బడిపంతులు పని వదిలి నేను పోతానన్నాడు. మరి తిండి ఎట్లా? దానికి ఆడవాళ్లు దారి చూపించారు. ఇంట్లో జొన్నలు విసరబోయే ముందు ఒక పిడికెడు తీసి గురిగిలో, అంటే వేరే చిన్న మట్టికుండలో వేస్తారు. ఆ గురిగి దేవునిది. ఇంట్లో పిల్ల ఏడ్చినా దాన్ని ముట్టరు. ఆదివారం గుడికి తెచ్చి గంపలో పోస్తారు. ఆ పోసేవాళ్లు భూములున్న ఆసాములు కారు. పొద్దంతా పరాయి చేన్లో కోత కోసి, కూలికింద జొన్నలు తెచ్చుకునేవాళ్లు. ఆ పిడికెళ్లు సంచులై, బండెక్కి, రైలెక్కి, మళ్లీ బండెక్కి, చివరికి మనిషి నెత్తికెక్కి అడవిలో మేముండే గూడేనికి చేరేవి. మేం తిన్నది అదే.

పోయినప్పుడు నాకు ఏడేళ్లు. సెలవుకు వచ్చేసరికి పదకొండు.

ఖేడులో బండి దిగామో లేదో, నాయినమ్మ ఎదురొచ్చింది. నన్ను చూడలేదు, అమ్మను చూడలేదు. నాయిన అంగీ మెడకాడ పట్టుకుని గుంజింది.

"ఏ భుజమురా?"

"ఏం భుజమే అవ్వా?"

"పులి కొట్టింది ఏ భుజం? ఎడమదా, కుడిదా?"

నాయిన తన భుజాలు రెండూ ఒకసారి చూసుకున్నాడు. అంత నమ్మకంగా అడిగితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఈలోగా వాడకట్టంతా మూగింది. నాయినమ్మ అంగీ కిందికి లాగి ఎడమ భుజం చూసింది, కుడి భుజం చూసింది, వీపు కూడా చూసింది.

"మచ్చ లేదే!" అన్నది, మోసపోయినట్టు.

"ప్రార్థనతోటి మానితే మచ్చ ఉండదమ్మా," అన్నాడు వెనకనుంచి ఎవరో.

గుంపంతా అవునవును అన్నది. బండి దిగిన గడియలోనే మాకు తెలియని అద్భుతాలు రెండు జరిగిపోయాయి. సరిగ్గా అప్పుడే మా పెద్దనాయినకు గుళ్లో ఏదో పని గుర్తొచ్చింది. ఆయన నాయినకు అన్న, ఖేడు సంఘానికి కాపరి, అందరికీ అయ్యగారు. లావు మనిషి. అంత జల్దీగా ఆయన నడవడం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున పెద్దనాయిన గుడి అరుగు మీద అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప అయ్యింది, రెండో చెంపకు సబ్బు పూసి ఉంది. నాయిన పోయి ఎదురుగా కూర్చున్నాడు. మంచి అదును చూసుకున్నాడు. సగం గడ్డంతో అయ్యగారు ఎక్కడికి పోతాడు? నేను స్తంభం పక్కన నిలబడ్డాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు, నేనూ గుర్తు చేయలేదు.

"అన్నా, పులి ఎక్కడిది?"

"నువ్వే రాస్తివి గద."

"వాగు కాడ అడుగులు చూసిన అని రాసిన. కుక్కవి గూడ కావచ్చు అని గూడ రాసిన."

"కుక్క సంగతి నేను సదవలేదు," అన్నాడు పెద్దనాయిన, అద్దంలోకి చూస్తూ.

నాయిన మూడు నెలలకొకసారి జాబు రాసేవాడు. దాన్ని పెద్దనాయిన గుళ్లో అందరి ముందు చదివేవాడు. అదీ ఏర్పాటు. పెద్దనాయిన కత్తి పక్కన పెట్టి, లోపలికి పోయి, ఆ జాబుల కట్ట తెచ్చి ఒకటి తీసి చదివాడు. చెంప మీద సబ్బు ఎండిపోతూ ఉంది.

"అందరం క్షేమం. వాన బాగా పడింది. ఈ మూడు నెలల్లో ప్రార్థనకు ఎవరూ రాలేదు. మా కొరకు ప్రార్థించండి." చదివి కాగితం దులిపాడు, ఇంకేమన్నా రాలుతుందేమోనన్నట్టు. "గిది జాబారా? తమ్ముని జాబు ఒచ్చిందంటె కల్హేర్ నుంచి ముసలోళ్లు నడిచి వస్తరు. నెత్తి మీద జొన్నల గంప. దింపి, కూసుండి, సదువు అయ్యగారూ అంటరు. నేను సదువుత, వాన బాగ పడ్డది అని. వాళ్లు నా మొకం దిక్కు చూస్తరు. వాన ఈడ గూడ పడ్డది గదరా!"

"పడ్డది పడ్డట్టు రాసిన."

"రాసినవ్. ఒకామె లేచి అడిగె, ఆ పులి ఏమాయె అయ్యగారూ, మల్ల కనబడ్డదా అని. పొద్దంత కూలికి పోయి, పిడికెడు గింజలు ఎత్తిపెట్టిన మనిషి అడుగుతుంటే, లేదమ్మా, అది కుక్క అని ఎట్ల అందునురా? కనబడ్డది అన్న. ఒకపారి కనబడ్డంక అది ఊకె ఉంటదా?"

"బాప్తిస్మాలు గూడ చెప్పినవంట."

"గూడెం పెద్ద ఒక్కడే. ఆయన ఇంటోళ్లు." కాసేపాగి, "ఆయన అన్నదమ్ములు," అన్నాడు.

"ఆయన నా మొకం మీద తలుపేసిండు అన్నా."

"ఇంటిదాకనైతె పోయినవ్ గద."

నాయిన నవ్వలేదు. ఆయన ముఖం చూసి నేనూ ఆపుకున్నాను. "నాలుగేండ్ల సంది నేను తిన్నది అబద్ధం మీద ఒచ్చిన జొన్నలా?" అన్నాడు మెల్లగా. "కూలోళ్ల జొన్నలు. పంట పండుగనాడు అందరి ముందల చెప్తా. పులి లేదు, ఒక్క మనిషి రాలేదు అని."

"చెప్పు. ఆ దినమే పెద్దలు కూసుంటరు, నిన్ను మల్ల పంపాల్నా వద్దా అని. రాలేదు, కాలేదు, లేదు అని చెప్పి, ఇగ పిడికెడు ఎత్తుండ్రి అని అడుగుతవా? ఎవలెత్తుతరు?"

నాయిన ఆ జాబు తీసుకుని మడిచి కట్టలో పెట్టాడు. తర్వాత, "నాకు మల్ల పోవాలనున్నది అన్నా," అన్నాడు.

"ఎందుకురా? ఒక్కడు రాలేదంటివి!"

"మొదాలు ఎవలు నాతోని మాట్లాడకపోతుండె. ఇప్పుడు తిడుతున్నరు."

పెద్దనాయిన కత్తి తీసుకుని రెండో చెంప గీసుకున్నాడు. రెండు చోట్ల తెగింది.

అమ్మను ఈ సంగతి ఎవరూ అడగలేదు. అయినా చెప్పింది. గూడెంలో జ్వరమొస్తే ఆడవాళ్లు అమ్మ దగ్గరికే వచ్చేవాళ్లు, మాత్ర మింగి చేదుగా ఉందని తిట్టి పోయేవాళ్లు. "నేనైతె పోత," అన్నది రొట్టె కొడుతూ. "మీ నాయిన రాకున్నా పోత. పంపకున్నా పోత. ఏం తింటవంటె మాత్రం నన్నడగకుండ్రి."

సెలవంటే పడుకోవడం కాదని నాకప్పుడు తెలిసింది. పెద్దనాయిన ముందు నడుస్తుంటే ఒక్కో ఊరి సంఘానికీ పోవాలి, వాళ్లు పెట్టింది తినాలి, సాక్ష్యం చెప్పాలి. నాయిన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పంట పండుగదాకా పులి మాట ఎత్తడు. వాక్యం చదివి, ప్రార్థన చేసి, కూర్చుంటాడు. అది చూసి జనం, ఎంత అణకువో అన్నారు. నిజం దాచినా లేనిపోని మంచి పేరు వస్తుందని నాయిన ఇంకింత పరేషాన్ అయ్యాడు.

నాకు మాత్రం ఆ పులి మీద మహా ఆసక్తి పుట్టింది. నాలుగేళ్లు అడవిలో ఉండి నేను చూడని జంతువును ఇక్కడ అందరూ చూశారు. అది ఎక్కడ పుట్టిందో తెలుసు, గుడి అరుగు మీద. ఎట్లా పెరిగిందో తెలుసుకోవాలనుకున్నాను. ఊరూరా అడుగుతూ పోయాను.

ఖేడులో అది భుజం మీద కొట్టిందా? బోరంచకు పోయేసరికి దానికి భక్తి కుదిరింది. మా గడప బయట కూర్చుని, ప్రార్థన అయ్యేదాకా విని, ఆమేన్ అన్నాక లేచి పోయిందంట.

"ఇన్నదా?" అన్నాను పెద్దనాయినతో.

"కూసున్నది అన్న. ఇన్నది అని నేననలె," అన్నాడాయన. అన్యాయంగా నింద పడ్డ మనిషిలా ముఖం పెట్టాడు.

కల్హేర్‌లో అవి రెండయ్యాయి. అక్కడొక ముసలవ్వ ఉండేది. ఎముకలకు తోలు చుట్టినట్టు ఉండేది, కానీ అడగడం మొదలుపెడితే ఆమె ముందు నేను ఎందుకూ పనికిరాను. మేం కాళ్లు కడుక్కుంటుండగానే వచ్చింది.

"ఆ ఆడపులి పిల్లల పెట్టిందా బిడ్డా?"

"ఏ ఆడపులి అవ్వా?"

"రెండుంటె ఒకటి ఆడదే గద. ఎన్ని పెట్టింది? వానకాలం యాడుంటయి అవి? మీ అమ్మ కట్టెలకు యాడికి పోతది? ఆడ నీళ్లు ఉప్పగుంటయా, తియ్యగుంటయా?"

చివరి రెండింటికీ నా దగ్గర జవాబులున్నాయి. కానీ నేను నోరు తెరిచేలోపు పెద్దనాయిన అడ్డమొచ్చి, అవ్వా రొట్టె అయ్యిందా అన్నాడు.

చివరిగా నాగల్‌గిద్ద పోయాం. అక్కడ సగం మాట కన్నడంలో ఉంటుంది, పులిని హులి అంటారు. కంది చేన్లు పూతకొచ్చి ఉన్నాయి. సంఘం పెద్ద ఒక తెల్ల మీసాల తాత. ఆయనకు ఆ హులి అంటే ప్రాణం. చుట్టూ ఇరవై మంది కూర్చున్నారు. నాయిన చేతులు కడుక్కోవడానికి బయటికి పోయాడు. తాత నన్ను ముందుకు పిలిచాడు.

"ఆ పెద్దోళ్ల ముచ్చట ఇడిచిపెట్టు. నువ్ చెప్పు. నువ్ చూసినవా?"

ఇరవై మంది నా దిక్కు చూస్తున్నారు. నన్ను అంతకుముందు ఇరవై మంది ఎప్పుడూ చూడలేదు. దాని ప్రభావం ఒకసారి అనుభవిస్తే గానీ తెలియదు.

"చూసిన," అన్నాను.

"ఎట్లుండె?"

"ఒక చెవి చినిగి ఉండె తాతా."

చెవి చినిగిన పులిని ఎవరూ అనుమానించలేరు. పులిని కల్పించేవాడు చారలు కల్పిస్తాడు, కోరలు కల్పిస్తాడు. చినిగిన చెవి ఎవడికి తడుతుంది? తాత కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం అన్నాడు. ఆ పూట నాకు నెయ్యి రెండుసార్లు పోశారు.

మేం మూడు రోజులకు ఖేడు చేరాం. చెవి మాకంటే ముందే చేరింది.

"ఏ చెవే? ఎడమదా, కుడిదా?" అని అడిగింది నాయినమ్మ, నన్ను చూడగానే.

నాయిన నా వైపు చూశాడు. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండేది, అయిపోయేది. నన్ను తీసుకుని బావి దాకా నడిచాడు. గట్టు మీద కూర్చున్నాక అడిగాడు.

"చెప్తుంటే ఎట్లనిపించింది?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే నిజం చెప్పాను. "మంచిగనిపించింది నాయినా."

"ఊఁ," అన్నాడు. "మీ పెదనాయినకు గూడ గట్లనే అనిపించి ఉంటది." కాసేపు నీళ్లలోకి చూసి, "చెప్తె మంచిగనిపిస్తది, చెప్పకుండ దాస్తె గూడ ఒక్కోసారి మంచిగనే ఉంటది," అన్నాడు. అదేంటో నాకర్థం కాలేదు. అడిగితే చెప్పలేదు.

నాయిన రోజూ పొద్దున ప్రార్థనలో గూడెం వాళ్ల పేర్లు వరసగా చెప్పేవాడు. ఖేడుకు వచ్చాక కూడా మానలేదు. మొదటి పేరు తలుపు వేసిన పెద్దది. తర్వాత పెద్ద భార్య, కొడుకులు, కల్లు గీసే ముసలాయన, మా మేకను రాయితో కొట్టిన పిల్లవాడు. నాలుగేళ్లుగా అవే పేర్లు, అదే వరస. నాకు నిద్రలో కూడా వచ్చేవి. ఆ రోజు బావి దగ్గర అడిగేశాను.

"నాయినా, రోజు అవే పేర్లు చెప్తవ్, ఒక్కరు గూడ వస్తలేరు. దేవుడు ఇంటున్నడంటవా?"

"ఇనుడు ఆయన పని. చెప్పుడు నా పని. ఆయన పని ఎట్ల నడుస్తున్నదో నేను పోయి తనిఖీ చెయ్యాల్నా?"

నాయిన విశ్వాసం గురించి నాకు తెలిసింది ఇంతే. ఇంతకంటే పెద్ద మాటలు ఆయన గుళ్లో కూడా అనలేదు. అందుకే ఆయన ప్రసంగాలకు జనం కొంచెం నిద్రపోయేవాళ్లు.

పంట పండుగ వచ్చింది. మా పంట పండుగంటే గుడి ముందు పందిరి వేసి, ఎవరి చేతికి వచ్చింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెట్టడం. జొన్న కంకులు, పెసలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక గొర్రెపిల్ల. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం వేస్తారు. కాబట్టి ప్రసంగం జరుగుతున్నంతసేపూ సగం మంది కళ్లు వాక్యం మీద, సగం మంది కళ్లు గుమ్మడికాయ మీద ఉంటాయి. పిడికెడు గింజల సంచులు మాత్రం వేలానికి రావు. ఒక పక్కన వరసగా నిలబెట్టారు, ఊరుకొకటి.

నాయిన లేచాడు. పెద్దనాయిన కండువాతో మెడ తుడుచుకున్నాడు. అమ్మ కొంగు బిగించింది. మళ్లీ అడవికి పోవడమో, ఇక్కడే ఉండిపోవడమో, ఇగ ఆ నోట్లోంచి వచ్చే మాట మీద ఉంది.

"పులి లేదు," అన్నాడు నాయిన.

కంకుల మీది ఈగలు కూడా వినిపించాయి.

"వాగు కాడ అడుగులు చూసిన. కుక్కవి కావచ్చు. నన్ను ఏదీ కొట్టలె. నాలుగేండ్లల్ల ఒక్కరు గూడ బాప్తిస్మం తీసుకోలె. గూడెం పెద్ద నా మొకం మీద తలుపేసిండు. మీరు ఎత్తిపెట్టిన పిడికెడు తిన్న. ఇది ముందుగాలనే చెప్పాల్సుండె. ఇప్పుడు చెప్తున్న."

అప్పుడు పెద్దనాయిన లేచాడు. అంత లావు మనిషి లేవడానికి కొంచెం సమయం పట్టింది.

"వాడు రాసింది వాడు సక్కగనే రాసిండు," అన్నాడు. "పులి నాది. నేనే పెంచిన."

నేనూ లేచాను. "చెవి నాది," అన్నాను. నన్ను ఎవరూ అడగలేదు. అమ్మ నా లంగా పట్టి కింద కూర్చోబెట్టింది.

నాగల్‌గిద్ద తాత లేచాడు. నేరుగా సంచుల దగ్గరికి పోయి, తమ ఊరి సంచి మీద కూర్చున్నాడు. "గట్లయితె గిది మాది," అన్నాడు. "హులి ఉన్నదంటె ఇచ్చినం." ఎవరో సముదాయించబోతే చేయి విదిలించాడు. ఇంకో రెండు ఊళ్లవాళ్లు కూడా తమ సంచుల వైపు చూడటం మొదలుపెట్టారు. పని అయిపోయిందనుకున్నాను. అమ్మ ముఖం చూడలేక కోళ్లను చూశాను.

అప్పుడు కల్హేర్ ముసలవ్వ చేయి ఎత్తింది. బడిపిల్లలు ఎత్తినట్టు.

"నాదొక మాట. పులి లేకపోతె పీడ పోయింది, నాకు ఆ పిల్ల తల్లి కట్టెలకు పోతదేమో అని బుగులుండె. ఆ జనం ఏం తింటరు?"

నాయిన ఒక్క క్షణం తెల్లబోయాడు. నాలుగు నెలల్లో ఆయన్ను పులి తప్ప ఇంకేదీ ఎవరూ అడగలేదు. "సామలు," అన్నాడు. "ఎండకాలం ఇప్పపూవు ఉడకపెట్టుకుంటరు."

"ఉడకపెడితె తియ్యగుంటదా?"

"తియ్యగనే ఉంటది. రెండో దినానికి మొకం మొత్తుతది."

ఎవరో నవ్వారు. అవ్వ ఆగలేదు. వాళ్లు బాలింతకు ఏం పెడతారు, చచ్చిపోతే పూడుస్తారా కాలుస్తారా, కోడలు అత్త మాట వింటుందా. కోడలు సంగతికి ఆడవాళ్లంతా ముందుకు జరిగారు. నాయిన చెప్తూ పోయాడు. అంత మాట్లాడగలడని నాకు తెలియదు. వాళ్ల గురించి నాలుగేళ్లలో ఆయన పోగుచేసినదంతా జాబులో వాన పడింది అనే మాట వెనక ఉండిపోయిందన్నమాట.

"మీరు ఆడ మా జొన్నలే తింటుంటిరా, వాళ్ల సామలు గూడ తింటుంటిరా?" అని అడిగింది అవ్వ.

అమ్మ తల వంచుకుంది. అమ్మ తల వంచుకోవడం చూసి, పులికంటే పెద్దదేదో ఉందని నాకు తెలిసింది.

"రెండో వానకాలం," అన్నాడు నాయిన, "వాగు పొంగు దిగలె. మూడు నెలలు మీ సంచి ఆ ఒడ్డుకే ఉండిపోయింది. ఇంట్ల గింజ లేదు. ఎవలికి చెప్పలె, సిగ్గాయె. ఒకనాడు పొద్దుగాల తలుపు తీస్తె గడప కాడ ఆకుదొప్ప ఉండె. దొప్పల సామలు. తెల్లారి ఇంకొకటి. ఒక్క దినం ఒక్క ఇల్లు, వంతులేసుకున్నరు. వాగు దిగేదాక పెట్టిన్రు. పెట్టినట్టు ఒక్కరు గూడ నాతోని అనలె. తలుపేసినాయన వంతు గూడ ఒచ్చింది." సంచుల వరస వైపు చూశాడు. "మీరు వాళ్లకు మేలు చెయ్యనీకి పంపితిరి. నేను వాళ్లింటి తిండి తిని బతికిన. గది ఎట్ల రాయాలె? వాన బాగ పడ్డది అని రాసిన."

నాకు ఆ దొప్పలు గుర్తున్నాయి. తిన్నాక వాటిని మేకకు వేయడం నా పని. అవి ఎక్కడివి అని ఒక్కసారి కూడా అడగలేదు. లోకంలో ఉన్నదంతా అడిగే దాన్ని, కంచంలో పడ్డదాని గురించి మాత్రం ఎన్నడూ అడగలేదు.

అవ్వ రెండు చేతులూ దోసిలి పట్టి చూపించింది. "దొప్పంటె ఎంత? గింతనా?"

"ఇంకింత పెద్దది. రెండు పిడికెళ్లు పడ్తయి."

ఆడవాళ్లలో గుసగుస లేచింది. పిడికెడంటే ఎంతో, వానకాలంలో ఇంట్లోంచి రెండు పిడికెళ్లు బయటికి పోవడమంటే ఏమిటో వాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

"మనం ఒక్కటే ఎత్తుతున్నం," అన్నది అవ్వ, ఎవరితోనూ కాదన్నట్టు.

అక్కడ ఒక పాట పాడి ఉంటే అందరం ఏడ్చేవాళ్లం. కానీ వేలం వేసే మనిషి లేచి, కోళ్లకు ఎండ తగులుతోంది, ఇగ మొదలుపెడదామా అన్నాడు. పెట్టాం. గుమ్మడికాయ మా నాయినమ్మకు వచ్చింది.

పెద్దలు పందిరి కింద కూర్చుని పొద్దువాలేదాకా మాట్లాడారు. మమ్మల్ని మళ్లీ పంపాలని తేల్చారు. నాలుగేళ్లకు కాదు, రెండేళ్లకు, తర్వాత చూద్దామన్నారు. జాబులు ఇకనుంచి పెద్దనాయిన చదవొద్దు, ఇప్పటి బడిపంతులు చదవాలి, ఉన్నది ఉన్నట్టు. నాయిన కూడా వాన సంగతి ఒక్క వరుసలో ముగించి, వాళ్లేం తిన్నారో, మేమేం తిన్నామో రాయాలి. ఈ చివరిది కల్హేర్ అవ్వ పెట్టిన షరతు. ఆడవాళ్లు పెద్దల కూటంలో మాట్లాడకూడదని ఒకాయన గుర్తు చేస్తే, అవ్వ గంప నెత్తికెత్తుకుని, గింజలు మాట్లాడొచ్చా మరి, అన్నదంట.

నాగల్‌గిద్ద వాళ్లు మానేశారు. తాత సంచిని బండి మీద వేసుకుని తిరిగి తీసుకుపోయాడు. ఆయన్ను నేను తప్పు పట్టను. ఆ చెవి నాకూ నచ్చింది.

బయలుదేరే రోజు మిగతా సంఘాలన్నీ గుడి ముందుకు వచ్చాయి. పాట పాడారు. నాయినమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. పెద్దనాయిన తమ్ముని రెండు భుజాల మీదా చేతులు వేసి, అంగీ మెడ సర్దాడు. నాయిన ప్రార్థన మొదలుపెట్టి, మొదటి పేరు దగ్గరే ఆగాడు. బండి కాడికి ఎద్దులు కట్టి ఉన్నాయి. అప్పుడు బండివాడు సంచులు చూసి, మూతులు తాడుతో ముడివేస్తే రైలుకు తీసుకోరు, దబ్బనంతో కుట్టాలి అన్నాడు. అన్నీ దింపి కుట్టేసరికి సాయంత్రమైంది. జనం ఇండ్లకు పోయారు. మేం మర్నాడు పోయాం. ఒక్కో సంచి మూతికి సుతిలి దారం రెండు మూరలు పట్టింది.